తేదీ సంగతి సరే, నూనె ఉందా?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దల మాట. ఆ సామెతలోని 'రాకడ' అనే మాటను తెలుగు క్రైస్తవులు ఇంకో అర్థంలో కూడా వాడతారు. చర్చిలో 'రాకడ' అన్నారంటే యేసుక్రీస్తు మళ్లీ రావడం అనే అర్థం. సామెత మాత్రం రెండింటికీ సరిపోతుంది. ఎప్పుడో ఎవరికీ తెలియదు.

అయితే ఒక్క విషయం గమనించండి. వాన ఎప్పుడొస్తుందో తెలియదు కదా అని తాండూరు రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు. ఎండలు మండుతుండగానే చేను దున్ని పెట్టుకుంటాడు. కంది విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాడు. తేదీ తెలియకపోవడం వేరు, సిద్ధంగా లేకపోవడం వేరు. ఈ వారం కాలమ్ అంతా ఆ తేడా గురించే.

ఎందుకంటారా? మొన్న సెప్టెంబరులో మీ ఫోన్‌లోకి కూడా ఆ వీడియో వచ్చే ఉంటుంది. 2025 సెప్టెంబరు 23, 24 తేదీల్లో క్రీస్తు వచ్చి తన వాళ్లను ఎత్తుకుపోతాడని దక్షిణాఫ్రికాకు చెందిన జోషువా మ్లాకేలా అనే ఆయన చెప్పాడు. అది టిక్‌టాక్‌లో ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో టిక్‌టాక్ 2020 నుంచే లేదు. అయినా రీల్స్, షార్ట్స్, వాట్సాప్ స్టేటస్‌ల దారిన ఆ కబురు మా వికారాబాద్ దాకా వచ్చేసింది.

ఆ వారంలోనే తాండూరు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. నేను ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన పిల్లల్లో ఒకడు.

"అన్నా, సెమిస్టర్ ఫీజు ఈ వారంల కట్టాలె. నాయిన బండల పాలిష్ కాడ రాత్రిళ్లు గూడ పని జేసి పైసలు తెచ్చిండు. ఇర్వై మూడుకే అంత అయిపోతదంటుండ్రు. కట్టాల్నా, వద్దా?"

నాకు నవ్వు రాలేదు. ఆ డబ్బు వెనక ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయిన రాతిపొడి ఉంది. "ఇవాళే కట్టు" అన్నాను. అక్కడితో అయిపోతుందనుకున్నా. కానీ అసలు ప్రశ్న అప్పుడు అడిగాడు.

"సరే, ఆ తారీఖు అబద్ధమే అనుకో. నేను ప్రకటన గ్రంథం మూడుసార్లు చదివిన అన్నా. ఏడు ముద్రలు, ఏడు బూరలు, మృగం... ఒక్కటి సమజ్ కాలె. అర్థం కానోడు ఎట్ల రెడీగుంటడు?"

ఇది ఒక్కడి ప్రశ్న కాదు. మీలో చాలామంది లోపల దాచుకున్న ప్రశ్నే. ప్రవచనాలు అర్థం కాకపోతే నేను వెనకబడిపోతానా? చార్టులు వేసి, లెక్కలు కట్టి చెప్పేవాళ్లకే రాకడలో చోటుందా? నా జవాబు ముందే చెప్పేస్తాను. సిద్ధపాటుకీ లెక్కకీ సంబంధం లేదు. ఎందుకో చూద్దాం.

స్కైలాబ్ నుంచి షార్ట్స్ దాకా

'ప్రపంచం అయిపోతుంది' అనే భయం మనకు కొత్త కాదు. ఏ మతం వాళ్లకైనా కొత్త కాదు. వరదొచ్చినా, వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనడం మన ఇళ్లలో మామూలే. జరిగాక సరిపెట్టుకోవడం సులువు.

1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతోందని, అది మన నెత్తినే పడుతుందని తెలంగాణ పల్లెల్లో పుకారు లేచింది. ఎలాగూ పోతాం కదా అని ఉన్న మేకల్ని, కోళ్లను కోసుకు తిన్నవాళ్లున్నారు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, నవ్వుతూ చెబుతారు. 2021లో వచ్చిన 'స్కైలాబ్' సినిమా ఆ రోజుల గురించే. జులై 11న ఆ శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. మర్నాడు ఇక్కడ మిగిలింది ఖాళీ కొట్టాలు.

క్రైస్తవ ప్రపంచంలో ఈ కథ చాలాసార్లు జరిగింది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22 అని నమ్మారు. కొందరు రైతులు చేతికొచ్చిన పంట కూడా తీయలేదు. తెల్లారింది. ఆ రోజుకు చరిత్రలో 'మహా నిరాశ' అని పేరు పడింది. దక్షిణ కొరియాలో ఒక బోధకుడు 1992 అక్టోబరు 28 అన్నాడు. జనం ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మేశారు. పోలీసులు చూస్తే ఆయన దగ్గర 1993 మే నెలలో గడువు తీరే బాండ్లు దొరికాయి! జనానికి అక్టోబరు, తనకు మాత్రం వచ్చే ఏడాది మే. మోసం కేసులో జైలుకు వెళ్లాడు.

అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. జరగలేదు. అక్టోబరు 21 అన్నాడు. అదీ జరగలేదు. చివరికి 2012లో, తేదీలు చెప్పడం తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. కానీ ఆయన మాట నమ్మి హోర్డింగుల కోసం పొదుపు సొమ్మంతా ధారపోసిన వాళ్లకు ఆ డబ్బు తిరిగి రాలేదు.

ఇక 666 సంగతి. బార్‌కోడ్ వచ్చినప్పుడు అదే అన్నారు. ఆధార్ వచ్చినప్పుడు అదే అన్నారు. కరోనా టీకాలో చిప్ ఉందన్నారు. ఆ భయంతో టీకా వేయించుకోని పెద్దవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. లెక్క తప్పడం చిన్న విషయం కాదు. దాని బిల్లు ఎప్పుడూ అమాయకులే కడతారు.

ఇదంతా విని "చూశారా, అంతా ఉత్తిదే. రాడు, ఏమీ కాదు" అనేయడం ఇంకో చివర. నిజం చెప్పాలంటే మనలో ఎక్కువమందిమి ఈ చివరే ఉంటాం. ఆదివారం విశ్వాస ప్రమాణంలో ఆయన తిరిగి వస్తాడని నోటితో చెప్తాం. సోమవారం ఆ మాట ఎక్కడా గుర్తుండదు. తేదీ చెప్పేవాడికీ, నవ్వి వదిలేసేవాడికీ పైకి పోలికే లేదు. కానీ ఇద్దరిదీ ఒకటే పొరపాటు. సిద్ధపాటును తేదీకి కట్టేశారు. ఒకడు తేదీ దొరికిందని పరుగెత్తాడు. ఇంకొకడు తేదీ లేదు కదా అని పడుకున్నాడు.

అర్థం కానివాళ్ల జాబితా

ప్రవచనం అర్థం కావట్లేదని బాధపడే నా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మంచి వార్త. మీ జాబితాలో పెద్ద పెద్దవాళ్లే ఉన్నారు.

మొదటివాడు దానియేలు. ఆ దర్శనాలు చూసిందే ఆయన. అయినా తన గ్రంథం చివర్లో, విన్నాను గానీ అర్థం కాలేదని తనే రాసుకున్నాడు. దీని అంతం ఏమిటని అడిగాడు కూడా. జవాబుగా చార్టు రాలేదు. ఆ మాటలు ముద్ర వేసి ఉన్నాయి, నువ్వు నీ దారిన వెళ్లు అని మాత్రమే వచ్చింది. దానియేలుకు అర్థం కాలేదు గనుక చోటు లేదని ఆ గ్రంథం చెప్పలేదు. విశ్రాంతి పొందుతావు, నీ వంతు నీకు ఉంటుంది అని చెప్పింది.

తర్వాత పేతురు. పాత కాలపు ప్రవక్తలు తాము చెప్పినవి ఏ కాలం గురించో తెలుసుకోవాలని వెతుకులాడారని తన మొదటి పత్రికలో రాశాడు. అంటే చెప్పినవాళ్లకే పూర్తిగా తెలియదు. పౌలు ఇంకా సూటిగా, మన తెలివి కొంతమట్టుకే అని ఒప్పుకున్నాడు.

శిష్యుల సంగతి చూడండి. మూడేళ్లు యేసు వెంట తిరిగారు. ఆయన ఆరోహణమయ్యే రోజున కూడా అడిగింది 'ఎప్పుడు' అనే. రాజ్యం ఇప్పుడే వస్తుందా అని. కాలాలూ సమయాలూ మీకు సంబంధించినవి కావని చెప్పి, ఆయన వాళ్ల చేతికి పని ఇచ్చాడు. సాక్షులుగా ఉండమన్నాడు. ఆయన వెళ్లిపోయాక వాళ్లు ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోతే, ఎందుకలా చూస్తున్నారని తెల్లబట్టలవాళ్లు అడిగారు. తిరిగి వస్తాడన్న మాట కూడా అక్కడే చెప్పారు. శిష్యులు కొండ మీద గుడారం వేసుకోలేదు. ఊళ్లోకి నడిచి వెళ్లారు.

అంతెందుకు, ఆ రోజు, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదని, తండ్రికి మాత్రమే తెలుసని యేసే చెప్పినట్టు మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఉంది. ఆయనకు తెలియదన్నది మన యూట్యూబ్ ఛానల్‌కు తెలిసిపోయిందంటే, అనుమానించాల్సింది ఎవరినో మీరే చెప్పండి.

ఈ రోజుకీ సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. మహాశ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనేవాళ్లు ఉన్నారు, శ్రమల గుండా నడిచాకే అనేవాళ్లు ఉన్నారు. వెయ్యేళ్ల పాలన అక్షరాలా వెయ్యేళ్లే అనేవాళ్లు, అది లెక్క కాదు గుర్తు అనేవాళ్లు ఉన్నారు. అందరూ బైబిల్ చదివేవాళ్లే, అందరూ ప్రార్థించేవాళ్లే. వీళ్లలో ఏదో ఒక పక్షం పూర్తిగా సరైనదైతే, మిగతా అందరూ సిద్ధంగా లేనట్టేనా? అలా అనడానికి నాకు ధైర్యం చాలదు.

అడ్రస్ తెలిసినవాళ్లు వెళ్లలేదు

అసలు ప్రవచనం బాగా అర్థమైతే చాలా? క్రిస్మస్ కథనే చూడండి. ప్రతి ఏటా పిల్లలతో నాటకం వేయిస్తాం గానీ ఈ సంగతి మీద ఆగం.

తూర్పు దేశపు జ్ఞానులు యెరూషలేముకు వచ్చారు. వాళ్లకు తెలిసింది చాలా తక్కువ. ఒక నక్షత్రం, ఎక్కడో ఒక రాజు పుట్టాడనే నమ్మకం. ఏ ఊరో కూడా తెలియదు. హేరోదు శాస్త్రులను పిలిచి అడిగాడు. వాళ్లు తడుముకోకుండా బేత్లెహేము అని చెప్పేశారు. ప్రవచనం కంఠతా వచ్చు. అడ్రస్ కచ్చితం. నూటికి నూరు మార్కులు.

యెరూషలేము నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లు కూడా ఉండదు. వికారాబాద్ నుంచి ధారూర్ వెళ్లినంత దూరం కూడా కాదు. కానీ ఆ శాస్త్రుల్లో ఒక్కరైనా లేచి వెళ్లినట్టు మత్తయి రాయలేదు. వెళ్లింది ఆ సగం తెలిసినవాళ్లే. ఎంతో దూరం నుంచి వచ్చి, అడుగుతూ అడుగుతూ వెళ్లి, సాష్టాంగపడ్డారు.

మొదటి రాకడలోనే ఈ పాఠం ఉంది. పూర్తిగా తెలిసి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు. సగమే తెలిసి బయల్దేరినవాళ్లు ఉన్నారు. ఎవరు సిద్ధంగా ఉన్నట్టు?

ఆ రాత్రి పదింటికే నిద్రపోయిన వెస్లీ

వికారాబాద్ చుట్టుపక్కల పాత సంఘాలు చాలావరకు మెథడిస్ట్ సంఘాలే. ఏటా నవంబరులో ధారూర్‌లో జరిగే జాతర కూడా వాళ్లదే. తాండూరు, జహీరాబాద్, బీదర్ వైపుల నుంచి జనం సద్దులు కట్టుకుని వస్తారు. ఆ మెథడిస్టులకు మూలపురుషుడు జాన్ వెస్లీ. ఆయన జీవితంలో జరిగిన ఒక రాత్రి గురించి మన తరానికి తప్పక చెప్పాలి.

1763లో లండన్‌లో జార్జ్ బెల్ అనే బోధకుడు, అంతవరకు వెస్లీ మనుషుల్లో ఒకడు, ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని ప్రకటించాడు. ఊళ్లో గగ్గోలు. ఆ రాత్రి వెస్లీ స్పిటల్‌ఫీల్డ్స్ అనే చోట ప్రసంగించాడు. ఈ రాత్రి లోకం అంతమవుతుందనుకోవడం అర్థం లేనిదని వివరంగా చెప్పాడు. కానీ ఆ ప్రసంగానికి ఆయన ఎంచుకున్న వాక్యం ఏమిటో తెలుసా? నీ దేవుణ్ని కలుసుకోవడానికి సిద్ధపడమనే ఆమోసు ప్రవక్త మాట!

తేదీని కొట్టేసిన నోటితోనే సిద్ధపడమని చెప్పాడు. రెండూ ఒకే రాత్రి, ఒకే ప్రసంగంలో. ఆయనకు అందులో ఏ పేచీ కనిపించలేదు. ఆ రాత్రి చాలామంది నిద్రపోవడానికి భయపడ్డారని, కొందరు పొలాల్లో తిరిగారని వెస్లీ తన దినచర్యలో రాసుకున్నాడు. తాను మాత్రం రోజూ లాగే పడుకుని, పది గంటలకల్లా గాఢ నిద్రలో ఉన్నానని కూడా రాశాడు.

నాకు ఈ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను. సిద్ధంగా ఉన్నవాడికి నిద్ర పడుతుంది. 'ఈ రాత్రేనేమో' అనే వణుకు భక్తికి గుర్తు కాదు.

వెస్లీకి ప్రకటన గ్రంథం అంతా అర్థమైందనుకుంటున్నారేమో. లేదు. 1755లో కొత్త నిబంధనకు వ్యాఖ్యానం రాసినప్పుడు, ఈ గ్రంథంలో ఉన్నదంతా తనకు అర్థమైందని అనడం లేదని ముందే చెప్పుకున్నాడు. జర్మన్ పండితుడు బెంగెల్ లెక్కలు కట్టి 1836 అని తేల్చాడు. ఆ ఏడాది గురించి మీ అభిప్రాయం ఏమిటని వెస్లీని ముసలితనంలో అడిగితే, 1788లో రాసిన ఉత్తరంలో తనకు ఏ అభిప్రాయమూ లేదన్నాడు. ఆ లెక్కలు తన చూపుకు అందనివి అన్నాడు. తనకున్న పని ఒక్కటే, తన ఆత్మనూ తన మాట వినేవాళ్ల ఆత్మలనూ కాపాడుకోవడం అన్నాడు. 1836 వచ్చింది, వెళ్లింది. బెంగెల్ లెక్క తప్పింది. వెస్లీ పని నిలిచింది.

ఆ పరంపరలోని వాళ్లే తర్వాత మా వైపు వచ్చారు. క్రీస్తు మళ్లీ వస్తాడని నమ్ముతూనే, వికారాబాద్‌లో ఆడపిల్లలకు బడి పెట్టారు. మేరీ ఎ. నాట్స్ స్కూల్ పేరు మా ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. రేపే ఆయన రావచ్చని నమ్మేవాళ్లు ఇటుకలూ సున్నం ఎందుకు తెచ్చినట్టు? రేపు వచ్చినా ఆయనకు చూపించడానికి ఈరోజు పని చేతిలో ఉండాలి గనుక.

మూసీ నేర్పిన పాఠం

మా అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. ఇక్కడ చిన్న వాగు. 1908 సెప్టెంబరు 28న అదే మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మళ్లీ వరద ఏ తేదీన వస్తుందో చెప్పలేదు. ఏ ఇంజినీరూ చెప్పలేడు. ఎప్పుడొచ్చినా తట్టుకునేలా ఏం కట్టాలో చెప్పాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వానల్లో ఆ గేట్లు ఎత్తినప్పుడల్లా టీవీల్లో చూస్తుంటాం కదా, అవే జంట జలాశయాలు. తేదీ తెలియనివాళ్లు చేసిన సిద్ధపాటు అది. వందేళ్ల తర్వాత కూడా పనికొస్తోంది.

ఒకవేళ ఎవరో లెక్క కట్టి ఫలానా రోజు వరద అని చెప్పి ఉంటే? ఆ ఒక్క రోజుకు గట్టెక్కి కూర్చునేవాళ్లం. మర్నాడు మళ్లీ నది ఒడ్డునే గుడిసెలు వేసేవాళ్లం. తేదీ తెలిస్తే మనిషి ఆ రోజుకే తయారవుతాడు. తెలియకపోతేనే ప్రతి రోజుకూ తయారవుతాడు. ఆ గడియను దేవుడు ఎందుకు దాచాడో నాకు కొంచెం అర్థమయ్యేది ఇక్కడే.

పదిమందీ నిద్రపోయారు

ఇప్పుడు యేసు చెప్పిన కథల దగ్గరకు వద్దాం. మత్తయి 24, 25 అధ్యాయాల్లో సిద్ధపాటు గురించి వరసగా చెబుతాడు. ఆ కథల్లో ఎక్కడా లెక్క తెలిసినవాడు గెలవడు.

పదిమంది కన్యకల కథ అందరికీ తెలుసు. పెళ్లికొడుకు ఆలస్యం చేశాడు. ఇక్కడ చాలామంది గమనించనిది ఏమిటంటే, బుద్ధిగలవాళ్లు, బుద్ధిలేనివాళ్లు అందరూ కునికి నిద్రపోయారు. ఆయన ఎప్పుడొస్తాడో ఐదుగురికి తెలిసి, ఐదుగురికి తెలియకపోవడం కాదు. పదిమందికీ తెలిసింది సమానమే, తెలియనిదీ సమానమే. తేడా అంతా సిద్దెల్లోని నూనె దగ్గరే వచ్చింది. అందుకే ఆ కుర్రాడికి ఫోన్‌లో అదే చెప్పాను. "తమ్మీ, తేదీ సంగతి సరే. నూనె ఉందా?"

నమ్మకమైన దాసుడి కథలో యజమాని వచ్చేసరికి ఆ దాసుడు ఏం చేస్తున్నాడు? ఇంట్లోవాళ్లకు వేళకు అన్నం పెడుతున్నాడు. అంతే. చెడ్డ దాసుడు ఎందుకు చెడ్డవాడయ్యాడు? యజమాని ఇప్పుడే రాడులే అనుకుని తోటి పనివాళ్లను కొట్టాడు, తాగేవాళ్లతో చేరాడు. రాకడ మీద నమ్మకం ఉందో లేదో మన కింద పనిచేసేవాళ్లను, మన పక్కనున్నవాళ్లను చూసే తీరులో తెలిసిపోతుంది.

ఇక చివరి కథ నాకు మరీ ఆశ్చర్యం. తీర్పు రోజున కుడి పక్కన నిలబడ్డ నీతిమంతులు సంతోషంగా కేకలు వేయరు. తెల్లబోతారు. ఆకలిగొన్నవాడికి అన్నం, పరాయివాడికి చోటు, రోగికి, ఖైదీకి పలకరింపు ఇదంతా మేం మీకు ఎప్పుడు చేశాం ప్రభూ అని అడుగుతారు. వాళ్లు చేసింది ఏమిటో వాళ్లకే పూర్తిగా అర్థం కాలేదు! అయినా వాళ్లు సిద్ధంగానే ఉన్నారు. అర్థం కానోడు ఎట్ల రెడీగుంటడు అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

అలాగని ప్రకటన గ్రంథం మూసి పెట్టమని నేను అనడం లేదు. చదవండి. అర్థమైనంత పట్టుకోండి. గొర్రెపిల్ల గెలుస్తుందని, కన్నీళ్లు తుడవబడతాయని తెలుసుకోవడానికి ఏ చార్టూ అక్కర్లేదు. మిగతాది దాచుకోండి, ఓపిక పట్టండి. అర్థం కాని పేజీని అడ్డం పెట్టుకుని అర్థమైన పేజీని ఎగ్గొట్టొద్దు.

ధారూర్ జాతరకు ఏటా వచ్చే ఒక పెద్దమ్మ నాకు తెలుసు. చదువు రాదు. బయల్దేరేముందు కిరాణా కొట్టు బాకీ కట్టేస్తుంది. ఎవరితోనైనా మాట పట్టింపు ఉంటే వాళ్లింటికి వెళ్లి కూర్చుని చాయ్ తాగి వస్తుంది. ఎందుకు పెద్దమ్మా అంటే, "జాతరల ప్రభువుకు మొకం చూపియ్యాలె గద బిడ్డా. బాకీల మొకంతోని ఎట్ల పోతరు?" అంది. రాకడ గురించి నేను విన్న ప్రసంగాల్లో ఇంత పొట్టిది, ఇంత స్పష్టమైనది ఇంకోటి లేదు.

వీడియో వచ్చినప్పుడు

తేదీ చెప్పే వీడియోలు మళ్లీ వస్తాయి. రాసిపెట్టుకోండి. ఫార్వర్డ్ నొక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఇది రోజో, గడియో చెబుతోందా? చెబితే అక్కడే ఆపేయండి. యేసు చెప్పనన్నది వీళ్లు చెబుతున్నారు.

రెండు, ఇది నన్ను ఏం మానేయమంటోంది? చదువా, మందులా, ఉద్యోగమా? థెస్సలొనీకలో ప్రభువు దినం వచ్చేసిందన్న మాటలు విని జనం కలవరపడితే, పౌలు కంగారు పడొద్దని రాశాడు. అదే పత్రికలో, పని మానేసి తిరిగేవాళ్లను నెమ్మదిగా పని చేసుకుని సొంత తిండి తినమని గట్టిగా చెప్పాడు.

మూడు, దీన్ని చూశాక నాకు ఎవరిమీదైనా ప్రేమ పెరిగిందా, భయం మాత్రమే పెరిగిందా?

నాలుగు వారాలు, నాలుగు పనులు

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను చాలా సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. మొదటి రాకడను తలచుకుంటూ రెండో రాకడకు సిద్ధపడే కాలం అది. క్రైస్తవులు కానివాళ్లు కూడా ఈ పనులు చేసుకోవచ్చు, నష్టమేమీ లేదు.

మొదటి వారం, మీరు ఫోన్ ఎత్తడం మానేసిన ఒక మనిషికి మీరే ఫోన్ చేయండి. క్షమాపణ అడగాల్సింది మీరైతే అడగండి, వాళ్లైతే వదిలేయండి.

రెండో వారం, బాకీ తీర్చండి. ఫ్రెండ్ దగ్గర తీసుకున్న రెండు వందలైనా సరే. మీ దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే వాళ్ల కూలి ఆపకండి.

మూడో వారం, మీ వీధిలో ఆస్పత్రికి తోడు లేక ఆగిపోయిన ముసలివాళ్లు ఎవరో చూడండి. ఒక పూట వెళ్లి ఓపీ క్యూలో వాళ్లతో నిలబడండి. ఫొటో పెట్టకండి.

నాలుగో వారం, ఫోన్ పక్కన పెట్టి మత్తయి 24, 25 అధ్యాయాలు నెమ్మదిగా చదవండి. అర్థం కానిచోట గీత గీసుకుని ముందుకు సాగండి. అర్థమైనచోట ఆగండి. అక్కడ చేయాల్సిన పని ఏదో ఒకటి మీకు కనిపిస్తుంది. అది ఆ రోజే మొదలుపెట్టండి.

ఆ తర్వాత వెస్లీలా రాత్రి పదింటికి హాయిగా పడుకోండి. రావాల్సినవాడు వస్తాడు. పొద్దున్నే కాలేజీ ఉంది.